వేళ్ళ లెక్క

అమలాపురం కోర్టుకి ఎదురుగా, జిరాక్సు కొట్టు పైన గది.
వకీలు గారి గుమాస్తాని నేను.
ఇరవై రెండేళ్ళుగా జనం తమలో విరిగినవి చెబుతారు,
నేను వాటిని పేరాలు చేస్తాను.

ఆ మంగళవారం సంగాని బుచ్చివేణి వచ్చింది.
రొయ్యల ప్లాంటులో తలలు తీసే పని, కిలోకింత.
మిషను గొంతులో ఇరుక్కున్న ఐసుదిమ్మని తోయబోతే
కుడిచేతి నడిమి వేలు, ఉంగరం వేలు పోయాయి.
కుర్చీ చూపించినా కూర్చోలేదు.
చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది,
తూకానికి చేపని పెట్టినట్టు.

పట్టిక తెరిచాను.
చూపుడు వేలు పధ్నాలుగు, నడిమిది పన్నెండు,
ఉంగరం వేలికీ చిటికెన వేలికీ ఏడేసి. నూటికి.
ఐదు వేళ్ళూ ఒక్కలా ఉంటాయట్రా అని
అన్నదమ్ముల తగువులో మా అమ్మ అనేది,
దాన్నెవరో గెజిట్లో అచ్చేయించారు.
రెండు వేళ్ళూ కలిసి పోతే ఇరవై.
ఒకటి కొసరు,
బజార్లో తోటకూర మీద కరివేపాకు రెబ్బలాగ.

"వయసెంతమ్మా?"
"తొంభయ్యారు తుఫానుకి నాకు నెలలు నిండాయండి, పెద్దదానికి."
వయసుకో గుణకం. కూలిలో నూటికి అరవై, అందులో ఇరవై.
వేళ్ళ కణుపుల మీద లెక్కెడుతూ నాతో పాటే వచ్చింది,
సగంలో కణుపులు అయిపోయాయి.

"మస్కట్లో మా తోడికోడలుందండి,
అక్కడ ఏ వేలికైనా ఒకటే రేటంటండి?"
అరబ్బుల పాత లెక్కలో వేలికి పది ఒంటెలని
ఎక్కడో చదివిన గుర్తు, చెప్పాను.
"ఇరవై ఒంటెలే! లంకలో ఎక్కడ కట్టనండి,
గోదారొస్తే గేదెల్నే గట్టెక్కించలేకపోతన్నాం."
ఆ రోజు నవ్వింది అప్పుడొక్కసారే.

బెంచీ మీద యానాం అంతోని తాత,
తన పోరంబోకు కాగితాల కోసం వచ్చినవాడు, ఊరుకోలేదు.
"మా ఫ్రెంచివాళ్ళ కోడులో తప్పెవరిదని అంత తవ్వరు.
మిషను నీ అదుపులో ఉందా, దాని కాటూ నీదే.
నొప్పికి ఒక ఖాతా,
పోయిన సరదాకి ఇంకో ఖాతా."
సరదా ఏముండేదమ్మా అని అడిగాను.
చాలాసేపు గోడ మీది క్యాలెండరు చూసింది.
"కనకాంబరాలు కట్టేదాన్నండి.
ఇప్పుడు దారం నిలబడతల్లేదు."

రాశాను. సాయంత్రం వకీలు గారు కొట్టేశారు.
"ఈ చట్టంలో పువ్వులకి గడి లేదయ్యా."

న్యూజిలాండులో తప్పు ఊసే ఎత్తరని చెప్పలేదు నేను,
దెబ్బ తగిలిందా, ఊరందరి హుండీ లోంచి ఇస్తారని.
ఇక్కడ అవతలి వకీలు అప్పటికే నోటీసులో రాశాడు:
గ్లౌజులిచ్చాం, తొడుక్కోలేదు.
ఆయ్, ఇచ్చారండి, అందామె,
రెండూ ఎడంచేతివే.

రాత్రి పంఖా కింద నిద్ర పట్టలేదు.
ఆ వేళ్ళు దొరకలేదంది.
మిషను ఆపారు, కడిగారు,
గంటలో మళ్ళీ తిప్పారు, కంటైనరు కాకినాడ చేరాలి కదా.
ఏ పెట్టెలో, ఏ ఐసుముక్కలో
సముద్రాలు దాటి వెళ్ళిందో ఒక గోరు.
అక్కడెవరో ఫోర్కుతో కదిపి, చూసి,
కెవ్వుమని,
మనసు వికలమైందని దావా వేస్తే
ఆ కెవ్వుకి వాళ్ళ కోర్టు ఎంత కడుతుందో,
ఆ దస్తావేజులో బుచ్చివేణి పేరు ఉండదు,
మాలిన్యం అని ఉంటుంది.

పొద్దున్నే వచ్చింది, వకాల్తా మీద వేలిముద్రకి.
సిరా డబ్బా జరిపాను.
బొటనవేలు అద్ది, తుడుచుకుంటూ ఆగింది.
"ఇదెంతండి?"
ముప్పై, అన్నాను.
చేతిని పైటకొంగులో చుట్టుకుంది,
సంతకెళ్ళేవాళ్ళు డబ్బు ముడేసుకున్నట్టు,
మెట్లు దిగి
ముమ్మిడివరం బస్సుకి ఎడంచెయ్యి ఎత్తింది.